ఇరవై నాలుగో వంతు బ్రేకు

చిట్టికార్ల నిర్మాతల సంఘం వారి ఈ ఏటి బంగారు పతకం వాహనాల తనిఖీ కార్యాలయంలో బ్రేకులు చూసే ఇన్‌స్పెక్టరు గారికి దక్కింది. పట్టణం యావత్తూ హర్షించింది. ఆ పతకం కోసం ఆయన ఎంత శ్రమించారో, ఎంతమంది ప్రాణాలు పణంగా పెట్టవలసి వచ్చిందో నలుగురికీ తెలియడం అవసరం.

చిట్టికారంటే పిల్లలు తాడు కట్టి లాగే బొమ్మ అనుకునేవారు ఇక్కడే చదవడం ఆపేయవచ్చు. అసలు కారులో ఇరవై నాలుగో వంతుకి కుదించిన ప్లాస్టిక్ ముక్కలు ఓ అట్టపెట్టెలో వస్తాయి. వాటిని విరిచి, అరగదీసి, అతికించి, రంగులు వేసి, అసలు కారే చూసి సిగ్గుపడేలా తయారుచేయాలి. సంఘంలో సభ్యులంతా పెద్దమనుషులు. పళ్ళ డాక్టరు గారు హెడ్‌లైటు లోపలి గీతల్ని పంటి మిషనుతో చెక్కుతారు. ఆయన చెయ్యి వెంట్రుకవాసి కూడా అటూ ఇటూ కాదు. ఆ చెయ్యే మొన్నొకాయనకి పుచ్చిన పన్ను వదిలేసి పక్క పన్ను పీకిందంటే, మనసు హెడ్‌లైటు మీద ఉండబట్టే. వంతెనల ఇంజనీరు గారు చిట్టికారు తలుపుకీ బాడీకీ మధ్య సందుని కాగితం దూర్చి చూస్తారు. ఆయన కట్టించిన వంతెన పగుళ్ళలో కాగితమేం ఖర్మ, కాలే దూరుతుంది. ఒక్క మనిషి ఎన్నిచోట్లని శ్రద్ధ పెడతాడు?

ఇన్‌స్పెక్టరు గారి కార్యాలయంలో తనిఖీ పద్ధతి బహు సులువు. బండి ఆయన కిటికీ కిందికి వచ్చి హారన్ కొడుతుంది. హారన్ మోగితే బ్యాటరీ ఉన్నట్టు. అక్కడిదాకా వచ్చింది కాబట్టి ఇంజను ఉన్నట్టు. వచ్చి ఆగింది కాబట్టి బ్రేకు ఉన్నట్టే. ఆయన కుర్చీలోంచి లేవకుండా సంతకం పెట్టేస్తారు. కాంపౌండు గోడని గుద్దుకుని ఆగినవి కూడా ఆగినట్టే లెక్క. ఇంత తర్కబద్ధమైన తనిఖీ ఇంకెక్కడా లేదని పై అధికారులు ప్రశంసించారు కూడాను.

ఇంట్లో ఆయన వేరే మనిషి. కంటికి భూతద్దం, చేతిలో పట్టకారు. గాలికి ముక్కలు ఎగిరిపోతాయని ఎంత ఉక్కపోసినా ఫ్యాను వేయనివ్వరు. అలాంటి మనిషికి పోయినేడు పెద్ద అవమానం జరిగింది. ఆయన చేసిన కారుకి వైపరు పుల్లలు కుడిది ఎడమకీ, ఎడమది కుడికీ అతికాయని సంఘాధ్యక్షులవారు నిండు సభలో ఎత్తిచూపారు. "రేపు జోరున వానొస్తే ఈ కారులో ఉన్నవాళ్ళ గతేమిటి? వాళ్ళ ప్రాణాలకి పూచీ ఎవరు?" అని గద్దించారు. కారు అరచేతిలో పట్టేంతది. లోపల ఎవరూ లేరు. అయినా ఇన్‌స్పెక్టరు గారికి తల కొట్టేసినట్టయింది. చాలాకాలం ముద్ద మింగుడు పడలేదు.

ఈ ఏడు పతకం తెచ్చి తీరాలని పంతం పట్టి, వ్యాను కిట్టు తెప్పించుకున్నారు. పెట్టె విప్పి భూతద్దం పెట్టి చూస్తే, చక్రం వెనక బ్రేకు గొట్టం ఉండాల్సిన చోట ఒట్టి ప్లాస్టిక్ బొడిపె ఉంది. ఆయన రక్తం ఉడికిపోయింది.

"చూశావుటే, బ్రేకు దగ్గర కూడా ఇంత నిర్లక్ష్యం! ఈ కంపెనీవాళ్ళని బొక్కలో తోయాలి!" అన్నారు భార్యతో.

"మరి అసలు గొట్టం ఎలా ఉంటుందండీ?" అని అడిగిందావిడ అమాయకంగా.

ఆయన ఇంత సర్వీసులోనూ ఒక్క బండి కిందికి తొంగిచూసిన పాపాన పోలేదు.

మర్నాడు తమ పాపని బడికి తీసుకెళ్ళే అదే రకం వ్యాను గుమ్మం ముందు ఆగగానే, ఆయన పాత దుప్పటి ఒకటి రోడ్డు మీద పరిచి, టార్చిలైటు పట్టుకుని దాని కింద దూరారు. డ్రైవరు మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"సార్, మొన్ననే కద్సార్ పాస్ చేశారు! హారన్ కూడా గట్టిగానే కొట్టాను!"

"భయపడకోయ్. ఇది ఆఫీసు పని కాదు, నా సొంత పని. అందుకే ఇంత శ్రద్ధగా చూస్తున్నా" అని కిందినుంచి అభయమిచ్చారు ఇన్‌స్పెక్టరు గారు. డ్రైవరు ఊపిరి పీల్చుకున్నాడు.

కింద ఆయనకి నిధి దొరికింది. బ్రేకు గొట్టం పగిలి ఉంది. ఆ పగులు మీద సైకిలు ట్యూబు ముక్క చుట్టి, పైన ఇనప తీగతో బిగించారు. తీగ తుప్పు పట్టింది. ఆ తుప్పులో ఎన్ని ఛాయలని! సందుల్లోంచి నూనె బొట్టుబొట్టుగా ఊరుతోంది. అవతలి చక్రానికి గొట్టమే లేదు, కన్నంలో గుడ్డపీలిక కుక్కారు. ఇలాంటి వివరాలు ఏ పుస్తకంలో దొరుకుతాయి? పళ్ళ డాక్టరు తలకిందులుగా తపస్సు చేసినా ఇది ఊహించగలడా? ఇన్‌స్పెక్టరు గారి కళ్ళు చెమర్చాయి. అందులో కొంత మీద పడిన బ్రేకు నూనే అయినా, మిగతాదంతా ఆనందమే.

ఫొటోలు తీసుకుని బయటికి వచ్చేసరికి డ్రైవరు చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. "మీ కంట పడ్డాక ఇంకా దాచేదేముంది సార్! సాయంత్రమే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళి కొత్త గొట్టాలు వేయించేస్తాను."

ఇన్‌స్పెక్టరు గారి గుండె జారిపోయింది. "ముట్టుకున్నావంటే పర్మిట్ రద్దు చేసి పారేస్తా! పోటీలో జడ్జీలు అసలు బండితో పోల్చి చూస్తారు. శనివారం దాకా ఆ తీగ మీద ఎవడి చెయ్యీ పడకూడదు!" అని ఉరిమారు. బ్రేకుల విషయంలో ఆయన ఇంత కఠినంగా ఆదేశాలిచ్చిన సందర్భం అంతకుముందు లేదు.

పాప సంచీ పట్టుకుని నిలబడ్డ భార్య ఇదంతా వింది. "ఏవండీ, పాప వెళ్ళేది అందులోనే కదా!" అంది కంగారుగా.

ఆయనా కన్నతండ్రే. పాప వ్యాను మెట్టు మీద కాలు పెడుతుంటే "ఇవాళ్టికి వద్దులేమ్మా" అన్నమాట నాలిక చివరిదాకా వచ్చింది. కానీ పాపని ఆపితే బండి బాగోలేదని ఒప్పుకున్నట్టు. బండి బాగోలేదంటే తన సంతకం తప్పన్నట్టు.

"ఇన్నాళ్ళూ వెళ్ళలేదూ? శనివారం దాకా వెళ్తే ఏం పోతుంది? పోయినేడు నలుగురిలో నా పరువు పోయిన రోజు నువ్వూ ఏడ్చావు, మర్చిపోయావా?" అన్నారు.

ఆవిడ మర్చిపోలేదు. సంచీ పాప భుజానికి తగిలించి, వ్యాను మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడి, లోపలికి వచ్చేసింది.

ఆపైన ఆయన ఆఫీసుకి సెలవు పెట్టి, కళ్ళలో వత్తులు వేసుకుని పనిచేశారు. పగిలిన బుడగలోంచి సన్నని పీలిక కత్తిరించి సైకిలు ట్యూబు చేశారు. పాడైన ఇయర్‌ఫోను లోపలి తీగ లాగి దానిపై చుట్టారు. అసలు తీగకి ఎన్ని మెలికలున్నాయో అన్నే వేశారు. ఒక మెలిక వదులైందని అనుమానం వచ్చి, "ఊడిపోతే ఇంకేమైనా ఉందా!" అని విప్పి మళ్ళీ బిగించారు. వార్నీషుతో నూనె బొట్టు పెట్టారు. ఎంత చూసినా అది రాలదు. అసలు వ్యానుకి మాత్రం రాలుతూనే ఉంది.

పోటీ పాప చదివే బడి హాల్లోనే జరిగింది. చప్పట్లు కొట్టడానికి పిల్లల్ని ఆ వ్యానులోనే తెప్పించారు. తల్లిదండ్రులూ వచ్చారు. అధ్యక్షులవారు ఖరీదైన పంచెకట్టు నలిగిపోతున్నా లెక్కచేయక ఆవరణలో ఉన్న అసలు వ్యాను కింద పడుకుని, భూతద్దంతో అన్నీ సరిచూసి, బట్టల దుమ్ము దులుపుకుని వేదికెక్కారు.

"సభాసదులారా! లోకంలో నిజాయితీ కరువైందని వాపోయేవారు ఒక్కసారి ఈ చిట్టివ్యాను కిందికి తొంగిచూడండి. ఎక్కడైనా అబద్ధం ఉందా? లేని బ్రేకుని ఉన్నట్టు నటించిందా? పగిలిన గొట్టాన్ని పగిలినట్టే చూపిన ఈ ధైర్యం ఎంతమందికి ఉంటుంది? ఇన్‌స్పెక్టరంటే ఇలా ఉండాలి!"

హాలు దద్దరిల్లింది. పళ్ళ డాక్టరు గారు మాత్రం పళ్ళు కొరుక్కున్నారు. అధ్యక్షులవారు కొనసాగిస్తూ, అసలు వ్యానుకి మరమ్మతు చేస్తే పతకం పొందిన నమూనా కాస్తా తప్పుల తడక అయిపోతుంది కనుక, దాన్ని ఉన్నదున్నట్టు కాపాడవలసిందిగా బడి యాజమాన్యాన్ని వేడుకున్నారు. హెడ్‌మాస్టరు గారు లేచి, అంతకన్నా భాగ్యమేముందని, ఇకపై ఆ వ్యాను మీద రెంచీ పడనివ్వబోమని హామీ ఇచ్చారు. పిల్లలు చెప్పినట్టే చప్పట్లు కొట్టారు.

తల్లిదండ్రులు వరసలో నిలబడి ఒక్కొక్కరే భూతద్దంలోంచి చూశారు. "అమ్మో, ఆ నూనె బొట్టు చూడండి, ఇప్పుడో ఇంకాసేపటికో రాలేలా లేదూ!" అని ఒకావిడ మురిసిపోయింది. వెనకున్న ఒక తండ్రికి సందేహం వచ్చింది. "అసలు బండికి కూడా ఇలాగే ఉంటుందా సార్?"

"అచ్చం ఇలాగే. ఒక్క మెలిక తేడా వచ్చినా పతకం వెనక్కిచ్చేస్తా" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు. ఆ తండ్రి తృప్తిగా తలాడించి ముందుకి జరిగాడు.

సభ ముగిసింది. ఇన్‌స్పెక్టరు గారు మెడలో పతకంతో, గుండెలకి హత్తుకున్న అద్దాలపెట్టెలో చిట్టివ్యానుతో బయటికి వచ్చారు. డ్రైవరు పరుగున ఎదురొచ్చి వ్యాను తలుపు తీశాడు. "ఎక్కండి సార్, మీ ఇంటి మీంచే కదా వెళ్ళేది, దింపేస్తాను."

ఆయన రెండడుగులు వెనక్కి వేశారు.

"మతుండే మాట్లాడుతున్నావుటోయ్? చేతిలో ఇది ఉంది, కనపడటంలేదూ? బ్రేకుల్లేని బండిలో దీన్ని ఎక్కించమంటావా?"

పాపని వ్యాను ఎక్కించి, ఆయన నడక సాగించారు. దారిలో గోతులు తప్పించుకుంటూ, ఆచితూచి అడుగులు వేశారు. ఎండకి రంగు వెలుస్తుందని భార్య పెట్టె మీద గొడుగు పట్టింది.

ఆయన జాగ్రత్త చూసి తల్లిదండ్రులందరికీ ముచ్చటేసింది. ఇంత జాగ్రత్త గల మనిషి సంతకం పెట్టి పాస్ చేసిన బండి అది. ఇంక భయమేముందని ఎవరి పిల్లల్ని వాళ్ళు ఎక్కించి, తలుపు వేసి, చేతులు ఊపారు.