ఫోగష్ అనిపించుకున్న షుల్లో

ఆ ఆదివారానికి దెజో వేసుకున్న పథకం చాలా చిన్నది. తెల్లవారుతుండగా సరస్సులో చేప పట్టాలి, మధ్యాహ్నం చర్చి గంట మోగేసరికి వేయించాలి, భోజనానికి వస్తున్న ఇర్మను తిన్నాక పెళ్ళి సంగతి అడగాలి. భార్య పోయి ఏళ్ళు గడిచిన పెద్దమనిషి అంతకన్నా పెద్ద పథకాలు వేసుకోడు.

చేప పడింది. నోరు మూసుకుని ఇంటికి పోయి ఉంటే ఈ కథే లేదు. కానీ రేవు పక్క దారిలో, సైకిల్ మీద రొట్టెల కొట్టుకు పోతున్న ఇర్మ అతన్ని చూసి ఆగింది.

"ఏం పడిందండీ దెజో గారూ?"

"ఫోగష్!" అన్నాడు దెజో. అనేసి నాలుక కరుచుకున్నాడు.

బలాటన్ సరస్సులో ఈ చేప ఒకటే, పేర్లు మాత్రం రెండు. చిన్నగా ఉన్నంతకాలం షుల్లో. కిలోన్నర దాటి, తోటి చేపల్ని హడలెత్తించే వయసు వచ్చాకే ఫోగష్. వేసవికి బుడాపెస్ట్ నుంచి దిగే జనం దేన్నయినా ఫోగష్ అనేస్తారు, వాళ్ళకు తెలియదులే అని వదిలేస్తారు. ఒడ్డున పుట్టినవాడు షుల్లోను పట్టుకుని ఫోగష్ అంటే మాత్రం బతికినన్నాళ్ళూ ఎగతాళే. దెజో బకెట్లో ఉన్నది నిఖార్సయిన షుల్లో. పైగా ఇర్మ మొదటి భర్తను వదిలేసింది అతని అబద్ధాలు భరించలేకే. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. అందరికన్నా ఎక్కువగా దెజోకు తెలుసు.

'తీరిగ్గా నిజం చెప్పేద్దాంలే' అని తనకు తాను సర్దిచెప్పుకుంటూ ఇంటికొచ్చి చేపను ముక్కలు కోశాడు. ఆఖరి ముక్కకు ఉప్పు పట్టిస్తుండగా గేటు దడదడలాడింది. పక్కింటి గెల్లేర్ట్. చిన్నప్పటి స్నేహితుడు, చేపలు పట్టేవాళ్ళ సంఘానికి అధ్యక్షుడు.

"ఒరేయ్ దొంగా! ఈ ఏడాది మొదటి ఫోగష్ పట్టి నాకు మాటయినా చెప్పవా? రొట్టెల కొట్లో తెలిసింది. ఏదీ, చూడనీ!"

"కోసేశానురా."

"ఫోగష్‌ని కోశావా?" గెల్లేర్ట్ గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

అతని బాధలో న్యాయం ఉంది. ఆ ఊళ్ళో ఫోగష్‌ను ముక్కలు చేసి వండరు. ఒంటికి గాట్లు పెట్టి, విల్లులా వంచి, తలా తోకా పైకి లేచేలా మొత్తంగా వేయించి పళ్ళెంలో నిలబెడతారు. కత్తికి ఎర అయ్యేది షుల్లోనే.

"అంటే... కోద్దామనుకున్నాను," అని దెజో మాట మార్చాడు.

"హమ్మయ్య! చంపేశావురా. అయితే భోజనానికి నేనూ వస్తున్నా. అధ్యక్షుణ్ణి, చూడకపోతే బాగుండదు. పాలింక సారా సీసా నేను తెస్తాలే!"

దెజో ఉరుకుల పరుగుల మీద రేవు హోటల్‌కు వెళ్ళాడు. అక్కడ వంట చేసే రోజి అప్పుడే మూకుట్లోంచి ఒక ఫోగష్‌ను తీస్తోంది.

"రోజీ, నా పరువు కాపాడమ్మా. ఆ చేప నాకు కావాలి."

"కుదరదు మామయ్యా. ఎవరో ముందే చెప్పి పెట్టుకున్నారు, ఇంకాసేపట్లో వస్తారు."

"తిననులే. చూపించి తెచ్చేస్తా."

"చూపించడానికి ఇదేమైనా పెళ్ళికూతురా?"

దెజో జరిగిందంతా చెప్పాడు. రోజి కళ్ళు తుడుచుకునేదాకా నవ్వి, తినకూడదని ఒట్టు వేయించుకుని చేపను పళ్ళెంతో సహా అతని చేతిలో పెట్టింది.

ఇప్పుడు కొత్త పథకం. బల్ల మీద ఫోగష్‌ను చూపించడం, ముక్కలు చేస్తానని వంటింట్లోకి తీసుకుపోవడం, బదులుగా షుల్లో ముక్కలు గబగబా వేయించి తేవడం. పొద్దుటి పథకం కన్నా ఇది పెద్దదే. పెద్ద పథకాలు దెజోకు అచ్చిరావు.

మధ్యాహ్నం బల్ల మీదికి వచ్చిన ఫోగష్‌ను చూడగానే గెల్లేర్ట్ లేచి నిలబడి టోపీ తీశాడు. ఇర్మ చేపను చూసింది, దెజోను చూసింది.

"ఇక లోపలికి తీసుకెళ్ళి కోసుకొస్తా," అని దెజో పళ్ళెం అందుకున్నాడు.

"ఆగరా! ఇర్మ గారికి తోక పెట్టకుండానే?" అంటూ గెల్లేర్ట్ కరకరలాడుతున్న తోకను పుటుక్కున విరిచి ఆమె పళ్ళెంలో వేశాడు. ఆడవాళ్ళకు ముందు తోక పెట్టడం అక్కడి మర్యాద.

సరిగ్గా అప్పుడే గుమ్మంలో రోజి ప్రత్యక్షమైంది.

"దెజో మామయ్యా, హోటల్‌కు వాళ్ళు అప్పుడే వచ్చి కూచున్నారు..." తోక లేని చేపను చూసి ఆగిపోయింది.

"ఓహో! వంట రోజి చేత చేయించావా!" గెల్లేర్ట్ తొడ చరిచాడు. "వీడి చేతికి ఇంత చక్కగా ఎలా కుదిరిందా అనుకుంటూనే ఉన్నా!"

రోజి తెలివైన పిల్ల. "అవునండీ. పట్టింది మామయ్య, వేయించింది నేను," అని దెజోకు కన్ను గీటింది.

గండం గడిచిపోయింది. దెజో ఇక చెయ్యాల్సిందల్లా ఊరుకోవడమే. కానీ ఇర్మ ఫోర్కు పక్కన పెట్టి అతన్నే చూస్తోంది. ఆ చూపు ఎదుట, ఈ చేపను కడుపులో దాచుకుని, మిగిలిన జీవితమంతా కూర్చోవాలి. దెజోకు నిజంగా భయం వేసింది.

"నేను పట్టలేదు," అన్నాడు. "అది రోజి చేప. నాది షుల్లో, వంటింట్లో ముక్కలై ఉంది. పొద్దున మిమ్మల్ని చూడగానే నోరు జారింది ఇర్మా గారూ. మీ కళ్ళకు గొప్పగా కనబడాలని."

గెల్లేర్ట్ తనకు తానే పాలింక పోసుకున్నాడు.

"తెలుసు," అంది ఇర్మ. "తోక బయటికి రాకుండా బకెట్లో పట్టే ఫోగష్ ఎక్కడయినా ఉంటుందా? జాలరి కూతుర్నండీ నేను. రొట్టెల కొట్లో గెల్లేర్ట్ గారి చెవిన వేసింది కూడా నేనే."

"ఎందుకండీ?"

"దాన్ని ఎంత దూరం మోస్తారో చూద్దామని. మా మొదటాయన ఒక్కో అబద్ధాన్ని ఏళ్ళ తరబడి మోసేవాడు. నువ్వు భోజనం మొదలయ్యేదాకా కూడా మొయ్యలేకపోయావు, దెజో."

అంతవరకూ మీరు అన్న మనిషి నువ్వు అన్నదని దెజోకు కాస్త ఆలస్యంగా తట్టింది. తట్టాక, అడగాల్సింది అందరి ముందే అడిగేశాడు.

"సరే," అంది ఇర్మ. "ముందు ఆ షుల్లో వేయించు, ఆకలేస్తోంది."

రోజి తోక ఉండాల్సిన చోట కొత్తిమీర లాంటి ఆకుల కట్ట ఒకటి గుచ్చి, ఫోగష్‌ను ఎత్తుకుని హోటల్‌కు పరిగెత్తింది. సాయంత్రం రేవులో గెల్లేర్ట్ ఈ కథ చెప్పడం మొదలుపెట్టాడు. చెప్పేకొద్దీ చేపలు పెరిగే ఆ రేవులో, చెప్పిన ప్రతిసారీ చిన్నదవుతూ వచ్చిన చేప దెజో షుల్లో ఒక్కటే.