ఛాయాదేవిగారి రూల్‌బుక్కుకు ముక్తి

పుస్తకం కొన్నవాళ్ళు అది తమ దగ్గరే ఉండాలని కూడా కోరుకోవడం శుద్ధ అత్యాశ!

కోపగించుకోకండి. నిదానంగా ఆలోచించండి. కాగితం పుస్తకంతో మనం పడ్డ అవస్థలు తక్కువా? బీరువాలో పెడితే చెద పడుతుంది. అటకెక్కిస్తే ఎలుక కొడుతుంది. పక్కింటివాళ్ళు “చదివి ఇచ్చేస్తామండీ” అని పట్టుకెళ్ళి, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు తమ సామాన్లతో పాటు దాన్నీ లారీ ఎక్కిస్తారు. బుడమేరు పొంగిన ఏడు విజయవాడలో ఎన్ని పుస్తకాలు అట్టలుబ్బి డాబాల మీద ఆరబడ్డాయో మరిచిపోయారా? డిజిటల్ పుస్తకానికి ఆ గండం లేదు. అది తడవదు, చిరగదు. మాయమవుతుంది, అంతే!

ఈ సౌఖ్యాన్ని సంపూర్ణంగా అనుభవించిన మనిషి మన పటమటలోనే ఉన్నారు. పేరు ఛాయాదేవి. డెల్టాలో అరడజను ఊళ్ళు తిరిగి సబ్ రిజిస్ట్రారుగా పనిచేసి, రిటైరై మూడేళ్ళయింది. దస్తావేజులో ఒక్క అక్షరం తేడా ఉన్నా ఆవిడ సంతకం పడేది కాదు. దసరాకి స్వీటు డబ్బాలతో మెట్లెక్కిన రియల్ ఎస్టేటు మారాజులు, ఆ డబ్బాలతోనే మెట్లు దిగేవారు.

అలాంటి మనిషిని ఇంట్లో కూర్చోబెడితే ఏమవుతుంది? అపార్ట్‌మెంటు సంఘం నిబంధనలు మొత్తం చదివేశారు! చెప్పుల స్టాండు ఎవరి హద్దులో ఉండాలి, తులసికుండీ గుమ్మానికి ఎన్ని అడుగుల దూరంలో పెట్టాలి అంటూ సంఘం సెక్రటరీ వెంకటకృష్ణారావుగారికి వారానికో నోటీసు. పాపం ఆయన, లిఫ్టులో ఆవిడ ఎదురవుతారేమోనని మోకాళ్ళ నొప్పులతో నాలుగంతస్తులూ మెట్లెక్కేవారు.

ఆ మోకాళ్ళకి వైద్యం చేసే ఫిజియోథెరపిస్టు కీర్తన. ఆ అమ్మాయి ఛాయాదేవిగారి చెల్లెలి కూతురే. చూసి చూసి ఒకరోజు ఉపాయం పన్నింది.

“పెద్దమ్మా, నీకు రూల్సంటే ప్రాణం కదా. మేమొక ఆట ఆడతాం. దాని రూల్‌బుక్కు నాలుగొందల పేజీలు.”

ఛాయాదేవిగారి మొహం వెలిగిపోయింది. “నాలుగొందలా?”

అది బల్ల చుట్టూ కూర్చుని మాటలతో ఆడే ఆట. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర తీసుకుంటారు: ఒకరు వీరుడు, ఒకరు మంత్రగత్తె, ఒకరు దొంగ. తలుపు తోస్తే తెరుచుకుంటుందా, రాక్షసుడి దెబ్బ తప్పుతుందా అన్నది పాచికలు వేసి, రూల్‌బుక్కు చూసి తేల్చుకోవాలి. ఆ పుస్తకం అచ్చుప్రతి మన దేశానికి రాదు. అందుకని ఛాయాదేవిగారు కంపెనీవారి యాప్ తెరిచి, ‘కొనండి’ అనే పచ్చబటన్ నొక్కి, టాబ్‌లో కొనుక్కున్నారు.

ఇక చూడండి! నెల తిరక్కుండా కథ నడిపే కుర్చీ ఆవిడది అయిపోయింది. కీర్తన మంత్రగత్తె. నోటీసులు ఆగుతాయన్న ఆశతో వెంకటకృష్ణారావుగారు దొంగ వేషం కట్టారు. ఇబ్రహీంపట్నం థర్మల్ కరెంటు కేంద్రంలో షిఫ్టు ఇంజినీరు డేనియల్, ‘ఇనుపగద్ద’ అనే వీరుడు. రెండేళ్ళు, ప్రతి ఆదివారం మధ్యాహ్నం మూడింటికి ఆట. ఆవిడ ఆ విదేశీ కథనంతా మన గడ్డమీదికి దించారు. దివిసీమ పాయల్లో జలరాక్షసులు, కొండపల్లి ఖిల్లాలో నిప్పులు కక్కే మహాసర్పం! తన నిర్ణయాలన్నీ ఆ డిజిటల్ పేజీల పక్కనే నోట్సుగా రాసుకునేవారు. “ముంజలు తిన్న వీరుడికి రెండు ప్రాణాలు అదనం. వేసవిలో మాత్రమే చెల్లును.” ఇలాంటివి వందల కొద్దీ!

ఇంతలో డేనియల్‌కి కడప వైపు బదిలీ అయింది. సోమవారం ప్రయాణం. ఆదివారం ఖిల్లాలో ఆఖరి యుద్ధం.

ఆ ఆదివారం భోంచేసి ఛాయాదేవిగారు టాబ్ తెరిచారు. పుస్తకం ఉండాల్సిన చోట బూడిదరంగు డబ్బా ఒకటి కనిపించింది. “ఈ పుస్తకానికి విశ్రాంతినిచ్చాం. మా కొత్త ఎడిషన్ మీకింకా నచ్చుతుంది!” అని అందులో రాసుంది. నోట్సు? అవి కూడా పుస్తకంతో సహగమనం చేశాయి.

ఆవిడ వెంటనే కస్టమర్ కేర్‌ని చాట్‌లో పట్టుకున్నారు.

“నేను కొన్న పుస్తకం కనబడటం లేదు.”

“అవును మేడమ్, మీరు కొన్నారు. ధన్యవాదాలు.”

“అయితే నా పుస్తకం ఏది?”

“మీరు కొన్నది పుస్తకం కాదు మేడమ్. మేము చూపించినంత కాలం చూసుకునే అనుమతి.”

“బటన్ మీద ‘కొనండి’ అని ఉందే!”

“అవును మేడమ్. ఇంకేమైనా సహాయం కావాలా?”

అప్పుడు ఛాయాదేవిగారు ఈ భూమ్మీద ఎవరూ చేయని సాహసం చేశారు. యాప్ నిబంధనలు మొదటినుంచీ చివరిదాకా చదివారు! యాభై ఎనిమిది పేజీలు. నలభై ఒకటో పేజీలో దొరికింది. కంపెనీ తనకి ఇష్టమైనప్పుడు, కారణం చెప్పకుండా, దేన్నయినా వెనక్కి తీసుకోవచ్చునట. ఒప్పుకున్నట్టు కింద ఆవిడే టిక్కు పెట్టి ఉన్నారు.

ఆవిడ కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. సర్వీసంతా “దాన విక్రయాది సర్వహక్కులతో, పుత్రపౌత్ర పారంపర్యంగా అనుభవించగలవారు” అని చదివించి సంతకాలు పెట్టించిన మనిషి! పొలం అమ్మినవాడు రెండేళ్ళకి తిరిగొచ్చి, వరి ఊడ్చిన మడితో సహా పొలాన్ని చాపలా చుట్టుకుపోతే ఉయ్యూరులో దాన్ని ఏమంటారు? కేసంటారు. ఇక్కడేమో అప్‌డేట్ అంటారు. నాగరికత అంటే ఇదీ!

పుస్తకం సంగతి సరే. ఆ రాతలు తనవి కదా! రెండేళ్ళ ఆదివారాలు కదా! పదవీ విరమణ సభలో దండ వేసినప్పుడు కూడా తడవని కళ్ళు తుడుచుకుని, ఆవిడ టీకి నీళ్ళు పెట్టారు.

మూడింటికి ముగ్గురూ వచ్చారు. ఆవిడ విషయం చెప్పారు.

“పోన్లెండి మేడమ్, ఈ ఒక్కపూటా రూల్సు లేకుండా ఆడేద్దాం,” అన్నారు వెంకటకృష్ణారావుగారు. ఆవిడ చూసిన చూపుకి మళ్ళీ మెట్లెక్కే రోజులు గుర్తొచ్చి కుర్చీలో సర్దుకున్నారు.

డేనియల్ గొంతు సవరించుకున్నాడు. “మేడమ్‌గారూ, ఒక్కమాటండీ. ఆ పుస్తకం నా ఫోన్లో ఉందండీ.”

“నువ్వూ కొన్నావా?”

“లేదండీ. ఎవరో ఫైలు పంపారు. మొదట్నించీ అందులోనే చూసుకుంటున్నా. మీకు చెప్పడానికి మొహం చెల్లలేదండీ.”

డేనియల్ ఫోను తెరిచి బల్లమీద పెట్టాడు. నాలుగొందల పేజీలూ బొమ్మలతో సహా నిగనిగలాడుతున్నాయి. లాగిన్ లేదు, పాస్‌వర్డ్ లేదు, అప్‌డేట్ బెడద లేదు. సిగ్నల్ అందని బాయిలర్ పక్కన నిలబడ్డా తెరుచుకుంటుంది!

కీర్తన చెయ్యి చాపింది. ఛాయాదేవిగారు ఆ చెయ్యి పక్కకి జరిపారు.

“మూసెయ్యి, డేనియల్.”

“మేడమ్, ఈ ఒక్కపూటకేనండీ...”

“హక్కులేని కాగితం నా బల్లమీదికి ఎప్పుడూ రాలేదు. ఇప్పుడూ రాకూడదు.”

ఫోను జేబులోకి వెళ్ళింది. ఆట జ్ఞాపకాల మీద మొదలైంది. ప్రతి రూలుకీ ఇద్దరు ఔననేవారు, ఇద్దరు కాదనేవారు. గంటలో అవ్వాల్సిన యుద్ధం రెండు గంటలైంది. చివరికి సర్పం ఇనుపగద్ద వైపు తిరిగి నిప్పులు కక్కింది. డేనియల్ పాచికలు వేశాడు. పదకొండు.

“డాలు అడ్డం ఉందిగా పెద్దమ్మా, పదకొండు చాలు!” అంది కీర్తన.

“ఆహా, ధారాళంగా చాలు. రేపు ఊరెళ్ళే మనిషి, బతకనివ్వండి,” అన్నారు వెంకటకృష్ణారావుగారు.

ఛాయాదేవిగారికి ఎంత గింజుకున్నా గుర్తురాలేదు. అది పుస్తకంలోని రూలు. ఆవిడ డేనియల్ వైపు తిరిగారు.

“ఫోను తియ్యొద్దు. నువ్వు చదివావుగా. నువ్వే చెప్పు.”

చాలని ఒక్కమాట అంటే చాలు, రెండేళ్ళు పెంచుకున్న వీరుడు బతికి బయటపడతాడు. కాదనడానికి జేబులోని ఫోను తప్ప ఆ గదిలో ఆధారం లేదు. డేనియల్ పాచికలు ఏరి ఆవిడ ముందు పెట్టాడు.

“పన్నెండు కావాలండీ. డాలు కత్తికే పనికొస్తుంది, మంటకి కాదు.”

“ఖాయమా?”

“ఖాయమండీ. ఇనుపగద్ద పోయాడు.”

కీర్తన మొహం అటు తిప్పుకుంది. వెంకటకృష్ణారావుగారు కళ్ళజోడు తుడవడం మొదలుపెట్టారు. ఛాయాదేవిగారు మాత్రం కథ ఆపలేదు. మంటల్లో నిలబడే ఇనుపగద్ద సర్పం తలని చివరి క్షణందాకా ఎలా ఒడిసిపట్టాడో, ఆ సందులో మంత్రగత్తె, దొంగ కలిసి దాన్ని ఎలా కూల్చారో చెప్పి ముగించారు. డేనియల్ లేచి ఆవిడకి దణ్ణం పెట్టాడు.

లిఫ్టు దాకా సాగనంపడానికి వచ్చి, తలుపు తెరుచుకోబోతుండగా ఆవిడ పిలిచారు.

“డేనియల్, ఆ ఫైలు నాకు పంపు.”

“మేడమ్‌గారూ! అది దొంగకాపీ అండీ!”

“కొన్నదాన్ని నేనయ్యా. పంపు.”

లిఫ్టు కిందికి చేరేలోపే ఆవిడ టాబ్ టింగుమంది.

అర్థమైందా కంపెనీ చేసిన మేలు? దొంగకాపీ ఉన్నవాడు తన వీరుణ్ణి చంపుకుని మరీ నిజం చెప్పాడు. దొరల్లా అమ్మినవాళ్ళు ‘కొనండి’ అన్న ఒక్కమాట కూడా నిజం చెప్పలేకపోయారు. అయినా వాళ్ళని తప్పుపట్టకండి. రియల్ ఎస్టేటు మారాజులు సర్వీసంతా ప్రయత్నించి కదల్చలేని మనిషిని, ఒక్క మధ్యాహ్నంలో దొంగసొత్తు అడిగి పుచ్చుకునేలా చేయడం సామాన్యమైన ప్రతిభా?

ఆ రాత్రికే ఛాయాదేవిగారు పుస్తకమంతా తిరగేశారట. ప్రతి పేజీ అడుగునా సన్నని అక్షరాల్లో ఉందట: “ఈ పుస్తకాన్ని కొనకుండా వాడుకోవడం నేరం.” ఎంత చక్కని హితవు! కొన్నవాళ్ళెవరికీ అది చదివే వీలు లేదు గానీ, దొంగకాపీలో మాత్రం అక్షరం చెక్కుచెదరకుండా ఉంది.