తీపి తెలియని ఎలుకలు

కుంగుబాటు వ్యాధి మగవాళ్ళలో కంటే ఆడవాళ్ళలో ఇంచుమించు రెండింతలు కనిపిస్తుంది కనుక, దానికి జన్యువుల్లో ఉన్న కారణమేమిటో తేల్చిపారెయ్యాలని పరిశోధన సంస్థవారు నడుం బిగించి, అయిదు వందల మగ ఎలుకలను తెప్పించారు.

ఇందులో పొరపాటేమీ లేదు. ఆడ ఎలుక ఒంట్లో నాలుగైదు రోజులకోసారి హార్మోన్లు మారుతుంటాయి. అలా మారే ప్రాణి మీద పరిశోధన చేస్తే ఫలితాలు కూడా మారే ప్రమాదం ఉంది. ఈ సంగతిని డైరెక్టరుగారు ప్రారంభ సభలో చక్కగా విడమరిచి చెప్పారు. "ఆడ ఎలుకను నమ్మి లెక్క వెయ్యలేం. ఇవాళ ఒకలా ఉంటుంది, రేపు ఇంకోలా ఉంటుంది. మగ ఎలుక అలా కాదు, నిలకడైన మనిషి" అన్నారు. ఎలుకను మనిషి అన్నందుకు సభలో ఎవరూ ఏమీ అనుకోలేదు. మగది కదా. ఆ నిలకడైన మనుషులు ఒకే గూట్లో ఉంటే ఒకదాని తోక ఒకటి కొరికేస్తుండటంతో దేని గూడు దానికి విడిగా కట్టించి, ఆ ఖర్చును నిర్వహణ కింద చూపించారు.

మనుషుల జన్యువుల లెక్కల్లోనూ ఇంతే శ్రద్ధ కనబరిచారు. వేలమంది ఉమ్మి నమూనాలు సేకరించి కంప్యూటరుకు ఎక్కించారు. ఆడా మగా అని నిర్ణయించే క్రోమోజోముల్ని మాత్రం మొదట్లోనే తీసి పక్కన పెట్టారు. అవి ఉంటే ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ మధ్య తేడాలు వస్తున్నాయట, లెక్క చిక్కుపడుతోందట. తేడాలమీద పరిశోధనకు తేడాలే అడ్డు రావడం ఏం బాగుంటుంది?

ఈ సంస్థలో చిన్న డాక్టరమ్మ అని అందరూ పిలిచే ఒక పోస్ట్‌డాక్ ఉంది. పోస్ట్‌డాక్ అంటే చదువు అయిపోయిందని అందరూ ఒప్పుకున్నా, ఉద్యోగం మొదలైందని ఇంకా ఎవరూ ఒప్పుకోని దశ. జీతం విద్యార్థిది, పని ముగ్గురిది. అయిదు వందల గూళ్ళ ముందు ముసుగు కట్టుకుని తిరిగేది ఆవిడే. సగం ఆడ ఎలుకల్ని తెప్పిస్తే తప్ప ఈ పరిశోధనకు అర్థం లేదని ఆవిడ ఒక ప్రతిపాదన పెట్టింది. కమిటీ దాన్ని ఒప్పుకుంటే ఆవిడ కొలువు మరో మూడేళ్ళు ఉంటుంది. ఒప్పుకోకపోతే వచ్చే నెలతో సరి.

కొలువు పోతుందన్న బెంగ ఉన్నమాట నిజమే. అంతకంటే పెద్ద బెంగ ఇంకోటుంది. ఇంట్లో అమ్మ. పనంతా అయ్యాక వంటింటి కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చుని గంటలకొద్దీ ఎటో చూస్తూ ఉండిపోయే అమ్మ. నవ్వే సందర్భానికి అందరూ నవ్వాక నవ్వే అమ్మ. "ఏమైందమ్మా" అంటే "నాకేం, బాగానే ఉన్నాను" అంటుంది. నాన్నను అడిగితే "మీ అమ్మ తత్వమే అంత" అంటాడు. తమ్ముణ్ణి అడిగితే "అమ్మకేమైంది?" అని ఎదురు అడుగుతాడు. చిన్న డాక్టరమ్మ ఈ చదువు ఎంచుకున్నదే ఆ స్టూలు మీది మనిషి కోసం. ఇంటర్వ్యూలో మాత్రం సైన్సు మీద మక్కువ అని చెప్పింది.

ఇక ఎలుకకు మనసు బాగాలేదని ఎలా తెలుస్తుందని మీకు సందేహం రావచ్చు. చాలా తేలిక. గూట్లో రెండు సీసాలు పెడతారు. ఒకదాంట్లో చక్కెర నీళ్ళు, ఇంకోదాంట్లో మామూలు నీళ్ళు. హుషారుగా ఉన్న ఎలుక చక్కెర నీళ్ళను వదలదు. కుంగిపోయిన ఎలుక ఏది దగ్గరగా ఉంటే అది తాగేసి ఊరుకుంటుంది. బతుకులో తీపి తెలియకపోవడమే కుంగుబాటని శాస్త్రం ఒప్పుకుంది.

కమిటీ సమావేశమైంది. బల్లకు ఒక పక్క డైరెక్టరుగారు, ముగ్గురు ప్రొఫెసర్లు. మరో పక్క చర్చ రాసుకునే సెక్రటరీ మేడమ్, చిన్న డాక్టరమ్మ. ప్రతిపాదన చదవడం మొదలయ్యీ కాకముందే లెక్కల ప్రొఫెసరు గడియారం చూసుకున్నాడు. జన్యువుల ప్రొఫెసరు ఫోను చూసుకున్నాడు. మూడో ఆయన కళ్ళు మూసుకుని శ్రద్ధగా విన్నాడు. "ఆలోచన బాగుందమ్మా. కానీ ఆడ ఎలుకలంటే..." అని డైరెక్టరుగారు పెదవి విరిచి, మిగతా వాక్యాన్ని అందరి అనుభవానికీ వదిలేశారు. ఇంతలో క్యాంటీన్ నుంచి టీలు వచ్చాయి.

డైరెక్టరుగారు ఒక గుక్క తాగి కప్పు కింద పెట్టారు. "ఇందులో చక్కెర ఏదయ్యా?"

"ఇది టీయా, కషాయమా?" అన్నాడు లెక్కల ప్రొఫెసరు.

జన్యువుల ప్రొఫెసరు ఫోను పక్కన పెట్టాడు. మూడో ఆయన కళ్ళు తెరిచాడు. ప్రతిపాదన మీద రాని చర్చ అప్పుడు వచ్చింది. క్యాంటీన్ పతనానికి చారిత్రక కారణాలు ఒకరు చెప్పారు. చక్కెర కోసం ఉపసంఘం వెయ్యాలని ఇంకొకరు సూచించారు. దేశ భవిష్యత్తు దాకా వెళ్ళాక డైరెక్టరుగారికి ఆడవాళ్ళు గుర్తొచ్చారు. "మేడమ్, మీ టీలో ఉందా చక్కెర?"

సెక్రటరీ మేడమ్ తన ఖాళీ కప్పులోకి తొంగి చూసింది. "ఏమోనండీ, చూసుకోలేదు. చల్లారిపోతుందని తాగేశాను."

చిన్న డాక్టరమ్మ తన కప్పు చూసుకుంది. అదీ ఖాళీయే. చక్కెర ఉందో లేదో గుర్తులేదు. అసలు ఎప్పుడు తాగిందో కూడా గుర్తులేదు. ఆవిడకు ఒక్కసారి భయమేసింది, వెంటనే నవ్వొచ్చింది.

"సార్, మన పద్ధతి ప్రకారం చూస్తే ఈ గదిలో మగవాళ్ళంతా నిక్షేపంగా ఉన్నారు. ఆడవాళ్ళం ఇద్దరం కుంగిపోయి ఉన్నాం."

"అంటే నీకు ఒంట్లో బాగాలేదామ్మా?" అన్నారు డైరెక్టరుగారు ఆందోళనగా.

"తెలీదు సార్. జన్యువులో, అలవాటో, పని హడావుడో నాకూ తెలీదు. ఆడవాళ్ళను చూస్తేనే కదా తెలిసేది. ఆ అయిదు వందల మగ ఎలుకలూ కలిసి వచ్చినా మా ఇద్దరి సంగతి చెప్పలేవు."

డైరెక్టరుగారు గొప్పవారు ఊరికే కాలేదు. ఒక నూతన ఆవిష్కరణ తన అధ్యక్షతన జరిగిపోయిందని ఆయన ఇట్టే పసిగట్టారు. కుర్చీలో నిటారుగా కూర్చుని, "టీలో చక్కెర వెయ్యొద్దని చెప్పింది నేనే" అన్నారు. ప్రొఫెసర్లు ముగ్గురూ తమకు మొదట్నుంచీ అనుమానంగానే ఉందన్నారు. ప్రతిపాదన ఆమోదం పొందింది. కొలువు నిలబడింది. ఆడ ఎలుకలు నిలకడగా ఉండాలనీ, హార్మోన్ల మార్పులు వీలైనంతవరకు సెలవు రోజుల్లో పెట్టుకోవాలనీ రెండు షరతులు విధించారు. క్యాంటీన్ వాడికి మందలింపు, డైరెక్టరుగారికి అభినందన తీర్మానం దక్కాయి.

చిన్న డాక్టరమ్మ ఆ సాయంత్రం గాల్లో తేలుతూ ఇంటికి వచ్చింది. అమ్మ స్టూలు మీద ఉంది. అమ్మ టీలో చక్కెర వేసుకోదు. అమ్మకు తీపి పడదని ఇంటిల్లిపాదికీ తెలుసు. ఎవరు చెప్పారో ఎవరికీ తెలియదు. చిన్న డాక్టరమ్మకు ఇవాళ ఆ సంగతి ముల్లులా గుచ్చుకుంది. తనే టీ పెట్టి, ఒక కప్పులో రెండు చెంచాల చక్కెర వేసి, ఇంకోదాంట్లో వెయ్యకుండా, రెండూ అమ్మ ముందు పెట్టింది. రెండు కప్పుల పిడులూ అమ్మ వైపు తిప్పింది. ఎలుకల దగ్గర ఎన్నడూ ఇంత జాగ్రత్త పడలేదు.

అమ్మ మొదట దగ్గరున్న చప్పటి కప్పు అందుకుంది. ఒక గుక్క తాగింది. తరువాత రెండోదీ ఒక గుక్క తాగింది. ఆగింది. చప్పటి కప్పును మెల్లగా కూతురి వైపు జరిపి, తీపి కప్పును రెండు చేతులతో దగ్గరకు లాక్కుంది.

"నీకు తీపి పడదు కదమ్మా?"

"ఎవరు చెప్పారు? మీ అందరికీ కలిపేసరికి చక్కెర డబ్బా అడుగంటేది. తర్వాత అదే అలవాటైపోయింది." అమ్మ ఇంకో గుక్క తాగింది. "ఇన్నేళ్ళలో కావాలా అని ఎవరూ అడగలేదే."

ఆ మాటకు కూతురికి కళ్ళనీళ్ళు తిరిగాయి. అది చూసి అమ్మ నవ్వింది, ఈసారి అందరికంటే ముందు.

ఈ ఫలితాన్ని ప్రకటించడానికి కమిటీవారు ఒప్పుకోలేదు. పరీక్షించింది ఒక్కరినే కనుక శాస్త్రం దీన్ని అంగీకరించదన్నారు. ఆ మాట న్యాయమే. సంఖ్య పెంచే భారం పాఠకుల మీద పడింది. ఖర్చేమీ లేదు, ఇంట్లో రెండు కప్పులు ఉంటే చాలు. మీ ఇంట్లో ఎవరికి తీపి పడదో మీకు ఎలాగూ తెలుసు.