పురుగు కుట్టిన కాలికి ఊరంతా డాక్టర్లే

అయ్యా, పురుగు కుట్టడం అదృష్టం! నవ్వబాకండి. డబ్బున్నోడికి ఒక్కడే ఫ్యామిలీ డాక్టరు. పురుగు కుట్టినోడికి ఊరంతా ఫ్యామిలీ డాక్టర్లే!

మిరప చేలో నా పిక్క మీద ఏదో కుట్టింది. గోకాను. తెల్లారేసరికి వాచింది. అరుగు మీద కూర్చున్నానో లేదో, ఓపీ మొదలైంది! టోకెన్ లేదు, ఫీజు లేదు. పేషెంటు కదలక్కర్లా, డాక్టర్లే క్యూ కడతారు. ఏ కార్పొరేట్ ఆసుపత్రిలో ఉందండీ ఈ సౌకర్యం?

పక్కింటి వెంకమ్మత్త సున్నం డబ్బాతో దిగింది. "ఏంది అల్లుడూ, ఈ మాత్రానికే మూలుగుడా? సున్నం విషాన్ని లాగేసిద్ది" అంటూ గోడకి వెల్ల వేసినట్టు పిక్కంతా పూసింది. ఎదురింటి యల్లమంద బావ ఫోన్ తీశాడు. "సున్నం పాతకాలం బావా! ఈ వీడియో లక్షల మంది చూశారు" అని దాని మీద టూత్‌పేస్టు పట్టించాడు. అంతమంది చూశాక వాపుకైనా సిగ్గుండాలి గదా? తగ్గలా!

మా ఆవిడ శ్రీదుర్గ ఒక్కతే అడ్డం తిరిగింది. "ఏమయ్యా, ఒళ్లు కాలిపోతంది. ఆసుపత్రికి పోదాం పద." ఇంతమంది స్పెషలిస్టులుండగా ఆసుపత్రా! నేను ఆరో తరగతితో బడి మానేశా. మా అరుగు మీద డాక్టరీకి ఆ చదువే ఎక్కువ.

అయినా జ్వరం ఎక్కువై అడిగా: "బావా, బండి మీద నర్సరావుపేట దింపుతావా?"

చూడాలండీ అప్పుడు! బావ బండి టైర్లో గాలి లేదంట. ఇంకొకాయనకి పెట్రోలు లేదంట. అత్తకి పొయ్యి మీద పాలు గుర్తొచ్చాయి. ఓపీ బంద్!

పాల వ్యానులో, క్యాన్ల మధ్య నన్ను కూర్చోబెట్టి మా ఆవిడే తీసుకుపోయింది. డాక్టరమ్మ ఆ పూతంతా కడిగింది. కింద ఎరుపు మోకాలి దాకా పాకింది! అంత సున్నం కింద ఎవరికి కనపడిద్ది?

"కుట్టగానే సబ్బుతో కడుక్కోవాలి, గోకకూడదు. ఎరుపు పాకినా, చీము పట్టినా, నొప్పి పెరిగినా, జ్వరమొచ్చినా వెంటనే రావాలి. ఇంకా ఆగుంటే రక్తంలోకి పాకేది, కాలు సంగతి అటుంచు, ప్రాణం మీదికే వచ్చేది" అని తిట్టి, ఎరుపు అంచు వెంబడి పెన్నుతో గీత గీసి, వార్డులో చేర్చుకొని సూదిమందు ఎక్కించింది.

ఎరుపు ఆ పెన్ను గీత దాటలా. కాలు దక్కింది.

మర్నాడు మా డాక్టర్లంతా వార్డులోకి దిగారు, బత్తాయిలతో సహా. మంచం చుట్టూ నిలబడ్డానికి చోటు లేదు.

"ఇంతమంది ఎట్టా వచ్చారత్తా?" అన్నా.

"ట్రాక్టర్ కట్టించుకొని వచ్చాం అల్లుడూ" అంది అత్త కళ్లొత్తుకుంటా. "నిన్ను చూడాలంటే మాకు బండి దొరకదా ఏంది!"