ఏసోబుకు జిల్దు ఊడిన రోజు

బిక్షమ్మ ఆ ఉదయం పెట్టుకున్న పనులు మూడే. కొడుకు విడిచిన అంగీ ఉతికి ఆరేయడం, వాడికి జొన్నరొట్టె కాల్చిపెట్టి సాగనంపడం, మాపటి దాకా ఏ కీడూ శంకించకుండా కూర్చోవడం. మొదటి రెండూ ఆమెకు చేతనైన పనులు.

అది మామూలు రోజైతే మూడో పని జోలికే పోయేది కాదు. కానీ రామన్నపేట గ్రంథాలయంలో ఏసోబుకు ఇచ్చిన మూడు నెలల గడువు ఆ సాయంత్రంతో తీరుతుంది. గ్రంథాలయం అంటే అంగడి బజారులో ఒక కిరాయి గది, రెండు బీరువాలు, ఒక బల్ల, ఒక కుర్చీ. ఆ కుర్చీలో కూర్చునే ఇరవై రెండేళ్ల ఏసోబుకు మాత్రం అది సంస్థానం. పొద్దున తాళం తీయగానే గుప్పుమనే పాత కాగితం వాసన వాడికి మల్లెపూల వాసన. వారానికోసారి వచ్చే పత్రిక కట్ట విప్పి, అంటుకొని ఉన్న ఆకులను చాకుతో కోసి, ఊరందరికంటే ముందు చదవడం వాడికి పండుగ. పుస్తకానికి అంకె వేసిన రోజున ఇంటికొచ్చి, బిడ్డకు పేరు పెట్టినవాడిలా చెప్పేవాడు.

గడువు పెట్టినవాడు కృష్ణయ్య పంతులు. బడిలో పాఠాలు చెప్తూ గ్రంథాలయం బాగోగులు చూసే మనిషి. మూడు నెలల కింద ఆయన ఉన్నమాట చెప్పాడు.

"ఏసోబూ, మన పుస్తకాలు ముప్పై ఏడు ఊళ్లె ఇండ్లల్ల ఉన్నయి. పుస్తకాలే లేని గదికి మనిషెందుకు, కిరాయెందుకని కమిటీవాళ్లు అంటున్నరు. అవి వాపసు తెచ్చినవా, కుర్సీ నీది. లేదంటే గదికి తాళమే."

ఏసోబు గడప గడపా తిరిగాడు. కిరాణం మారయ్య రెండేళ్లుగా "ఆఖరి ఆకు మీదున్న, రేపిస్త" అంటున్నాడు. పట్వారి దొర దగ్గర ఒక పుస్తకం ఐదేళ్లుగా ఉంది. దాని కోసం వాడు దొర వాకిలి దాకా పోయి, కుక్క మొరిగితే కుక్కకే సలాము చేసి వచ్చేశాడు. ముప్పై ఏడో పుస్తకం ఎవరు పట్టుకుపోయారో రిజిస్టరులోనే లేదు. మూడు నెలలు చెప్పులు అరిగాయి గానీ ఒక్క పుస్తకమూ రాలేదు.

గడువు తీరే ఆ రోజున ఏసోబు తెల్లవారకముందే లేచి, పంతులుగారి సైకిలు అడిగి తెచ్చి, వెనకాల ఒక గోనెసంచి కట్టాడు.

"అమ్మా, నార్కట్‌పల్లి పోయొస్త. మాపు కమిటీ మీటింగు యాళ్లకు ఉంట. తాళంచెవి నీ కాడ పెట్టుకో."

"గిప్పుడు నార్కట్‌పల్లిల ఏం పనిరా? రొట్టె సగం ఇడిసిపెట్టినవు!"

"వచ్చినంక సూపిస్త గదా! నువ్వేం ఫికర్ చెయ్యకు!" అని పాట పాడుకుంటూ వెళ్లిపోయాడు.

ఫికర్ చెయ్యకు అన్న మాట బిక్షమ్మకు ఎవరూ చెప్పకూడదు. చేయడానికి ఏదో ఉందని ఆమెకు అప్పుడే తెలుస్తుంది.

అసలే ఈ మధ్య ఆమె భయాలకు ఒక వరుస వచ్చింది. మూడు నెలల కింద మొగుడు పెద్దులుకు అజీర్తి అన్నది. ఆ వెనక ఆయాసం అన్నది. పోయిన నెల ఉబ్బసం అన్నది. పెద్దులు ఒక్కొక్కదానికీ వేరువేరు కషాయం తాగి, ఏ రోగమూ లేకుండానే సగమయ్యాడు.

ఏసోబు అంగీ తడపబోతూ ఆమె జేబులో చెయ్యి పెట్టింది. మడత పెట్టిన చీటీ దొరికింది. మిషన్ బడిలో మూడో తరగతి దాకా చదివిన మనిషి. అక్షరం అక్షరం కూడబలుక్కొని పైకే చదివింది.

"జిల్దు మొత్తం ఊడింది. లోపల పురుగు పట్టింది. వెన్నుకు పది కుట్లు పడాలె. ఖాసిం సాబుకు చూపియ్యాలె. కొత్త జిల్దు వచ్చేదాక ఎవ్వరినీ ముట్టనియ్యొద్దు. ఎండ తగలనియ్యొద్దు."

బిక్షమ్మ చేతిలోని చెంబు జారి పడింది.

జిల్దు అంటే ఏమిటో ఆమెకు బాగా తెలుసు. కిందటేడు పెద్దులుకు తామర లేస్తే నల్లగొండ దవాఖానకు తీసుకుపోయారు. అక్కడి కంపౌండరు "జిల్ద్ కీ బీమారీ" అన్నాడు. ఆమె బిత్తరపోయి చూస్తుంటే, తన ముంజేతి తోలు రెండు వేళ్లతో పట్టి లాగి "యే, జిల్ద్!" అని చూపించాడు కూడా. అంతకంటే పెద్ద చదువు ఏముంటుంది? జిల్దు అంటే తోలు. తన కొడుకు తోలు ఊడింది!

వెంటనే ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. రాత్రి భోజనం దగ్గర వాడి చేతుల మీద తెల్లటి పొలుసులు కనిపించాయి. "ఏందిరా అవి?" అంటే "ఏం లేదమ్మా, కడిగితే పోతయి" అని గోకేశాడు. ఇంత ఎండల్లో పొద్దున పొడుగు చేతుల అంగీ తొడిగాడు. మీటింగుకు అనుకున్నది తను. కాదు, దాచడానికి!

పెద్దులు వాకిట్లో కూర్చొని తాడు పేనుతున్నాడు.

"అయ్యో, ఇంటున్నవా? పిలగాని తోలు ఊడుతున్నదంట! వెన్నుకు పది కుట్లంట!"

"ఎవని వెన్నుకు? వాడు పొద్దుగాల పాట పాడుకుంట పోయిండు గదనే."

"పాడక ఏం జేస్తడు? పానం బాగలేనోళ్లే పాడుతరు, ధైర్యానికి!"

పెద్దులు తాడు వైపు చూశాడు. పెళ్లయిన ఇరవై అయిదేళ్లలో ఆయన నేర్చుకున్నది ఒకటే. తాడుకు చిక్కు పడితే విప్పవచ్చు.

పక్కింటి నర్సింగమ్మ దగ్గరికి బిక్షమ్మ మందు అడగడానికి పోయిందే తప్ప చెప్పడానికి పోలేదు. అయితే మందు అడగాలంటే రోగం చెప్పాలి కదా.

"నర్సింగమ్మా, నీ బిడ్డల మీద ఒట్టు. కడుపుల పెట్టుకో. బయట పొక్కితే పిలగాని నౌకరి పోతది."

"నా కడుపు సంగతి నీకు ఎరుక లేదా అక్కా? బాయిల రాయేసినట్టే!" అన్నది నర్సింగమ్మ. వేపాకు, పసుపు నూరి రాయమన్నది. ఆ తరువాత బిందె తీసుకొని నీళ్లకు పోయింది. ఇంట్లో నాలుగు బిందెలూ నిండే ఉన్నాయి.

బావి గట్టు మీద ఆ మాట "ఏసోబుకు తోలు ఊడుతున్నదట" అని బయలుదేరింది. సాలె వాడ చేరేసరికి "పుస్తకాల్ల పురుగున్నదట, అది కరిచిందట" అయింది. అంగడి బజారుకు వచ్చేసరికి "ఆ పుస్తకాలు ముట్టినోళ్లకల్ల ఊడుతదట, వారం తిరిగేటాలకు!" అని తేలింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. రామన్నపేటలో ఆకు తిప్పడమంటే వేలు నాలుకకు అద్దుకొని తిప్పడమే. కిరాణం మారయ్య దుకాణంలో బెల్లం తూస్తుండగా ఈ వార్త విన్నాడు. వేలు వైపు చూసుకున్నాడు. రెండేళ్లుగా రోజుకు ఎన్ని ఆకులు, ఆకుకు ఎన్నిసార్లు నాలుక! అంతే, తక్కెడ వదిలేసి లోపలికి ఉరికాడు.

ఇంతలో బిక్షమ్మ చట్టిలో నిప్పులు, ఒడిలో వేపాకు పెట్టుకొని తాళంచెవితో గ్రంథాలయానికి బయలుదేరింది. మీటింగు కంటే ముందే గదికి పొగ వేస్తే పురుగు చస్తుంది, ఎవరికీ తెలియకుండా తేలిపోతుంది అని ఆమె ఉపాయం. మలుపు తిరిగి చూసేసరికి గది ముందు జాతర.

మారయ్య పుస్తకాన్ని పాత గుడ్డలో చుట్టి మెట్టు మీద పడేశాడు. వెనకనే ఇంకొకడు చేటలో పెట్టుకొచ్చి కుమ్మరించాడు. ఒకామె కొంగుతో ముక్కు మూసుకొని, పొయ్యిలో నిప్పు తీసే పట్కారుతో పట్టుకొచ్చింది. అందరినీ తోసుకుంటూ పట్వారి దొర మనిషి వచ్చాడు. వాడి చేతిలో బారెడు కర్ర, కర్ర కొసన సంచి, సంచిలో ఐదేళ్ల నాటి పుస్తకం.

"దొర ఇయ్యమన్నడు! మొన్ననే పంపుదమనుకున్నడట, యాది మరిచిండట!" అని సంచిని కర్రతో సహా వదిలేశాడు. "ఏమే బిక్షమ్మా, దొర అయిదు కుండల నీళ్లతోని చేతులు కడుక్కుంటున్నడు. నీ కొడుకు ఎంత పని జేసిండే!"

బిక్షమ్మ చట్టి పట్టుకొని మెట్ల దాకా వచ్చింది. మెట్ల నిండా పుస్తకాలు. ఒక్కొక్కటి పడుతుంటే వాళ్లు విసిరేది పుస్తకాన్ని కాదు, తన కొడుకునే అనిపించింది. మూడు నెలలు వాడు ఎవరి గడపకు పోయినా దూరంగానే నిలబడి అడిగాడు. ఈ రోజు వాళ్లే దూరం జరుగుతున్నారు.

"నా కొడుకుకు ఏం లేదు!" అని అరిచింది, చేతిలో వేపపొగ లేస్తుండగా. ఆ పొగ చూసి ఎవరూ నమ్మలేదు.

"నా కొడుకు ముట్టినయి నేను ముడుత. ఊడితే నా తోలు గూడ ఊడనియ్యుండ్రి!" అని నిప్పుల చట్టి పక్కన పెట్టి, తలుపు తీసి, ఒక్కొక్క పుస్తకమే ఎత్తి, కొంగుతో తుడిచి, బల్ల మీద పేర్చసాగింది. కళ్లు తుడుచుకునే కొంగూ అదే కావడంతో కొన్ని అట్టలు తడిశాయి.

అప్పుడే కృష్ణయ్య పంతులు, వెనక ముగ్గురు కమిటీ పెద్దలు వచ్చారు. గుంపు చూసి నిలబడ్డారు. బల్ల మీది దొంతర చూసి కళ్లజోడు తుడుచుకున్నారు.

"ఇది... ఇది పట్వారి దొర కాడిది గాదా?" అన్నాడు పంతులు.

అదిగో, అప్పుడు వినిపించింది సైకిలు గంట. ఏసోబు చెమటలు కక్కుతూ తొక్కుతున్నాడు. వెనక గోనెసంచిని ఒళ్లో పెట్టుకొని తెల్లగడ్డం ముసలాయన ఒకడు కూర్చున్నాడు.

బిక్షమ్మ ఉరికింది. సైకిలు ఆగకముందే కొడుకు చెయ్యి పట్టుకొని అంగీ మోచేతి దాకా లాగింది. చెయ్యి నున్నగా ఉంది. మణికట్టు దగ్గర మాత్రం తెల్లటి పొలుసు.

"గిదేంది? గిదేంది చెప్పు!"

"మైదపిండి జిగురు అమ్మా! రాత్రి చినిగిన ఆకులన్ని అంటిస్తి గదా!"

"మరి జిల్దు ఊడిందని రాసుకున్నవు! ఖాసిం సాబుకు చూపియ్యాలె అని రాసుకున్నవు!" అని రొంటినుంచి చీటీ తీసింది.

"ఖాసింను నేనే తల్లీ," అన్నాడు ముసలాయన దిగుతూ. చీటీ చూసి పొట్ట పట్టుకొని నవ్వాడు. "అరె అమ్మా! జిల్దంటె తోలే, ఝూట్ గాదు. గానీ నీ కొడుకు తోలు గాదు, కితాబు తోలు! కితాబుకు అట్ట కడితె గూడ జిల్దే అంటరు. నలబై ఏండ్లసంది గదే నా పని. ఇగో, బీమారు ఈయన!"

సంచిలోంచి తీసి పైకెత్తాడు. గ్రంథాలయంలో అన్నిటికంటే లావుపాటి నిఘంటువు. నిన్నటి దాకా వెన్ను విరిగి, పురుగు తిని, బీరువా మూలన మూలుగుతున్నది. ఇప్పుడు ఎర్రటి కొత్త అట్టతో, బంగారు అక్షరాలతో పెళ్లికొడుకులా మెరుస్తున్నది.

"ఊళ్లె ఉన్నయి ఎట్లాగు రాలే. ఉన్నదాన్నన్న మంచిగ చూపిస్తె తాళం వెయ్యరేమో అనుకున్న అమ్మా. యుద్ధం నడవబట్టి బజార్ల అట్టలు దొరకక ఇన్ని దినాలు ఆగిన," అన్నాడు ఏసోబు. అప్పుడు వాడి చూపు బల్ల మీద పడింది. "గివి... గివన్ని ఎక్కడియి?"

మారయ్య తన వేలు చూసుకున్నాడు, నాలుక చప్పరించాడు, మెల్లగా ముందుకు జరిగాడు.

"అయితే రోగం లేనట్టే గదా. నాది నాకియ్యుండ్రి. ఆఖరి ఆకు మీదున్న."

"ఆగు!" అన్నాడు కృష్ణయ్య పంతులు, గుమ్మానికి అడ్డంగా రెండు చేతులూ చాచి. "ముట్టుకున్నవంటె ఊడుతది, ఈసారి నిజంగనే! ఏసోబూ, రిజిస్టర్ తియ్యి!"

ఏసోబు ఒక్కొక్క పేరూ చదువుతుంటే పంతులు ఒక్కొక్క పుస్తకమూ పక్కన పెట్టాడు. వాడి గొంతు ఆనందంతో కీచుమంటున్నది. ముప్పై ఆరు తేలాయి. కమిటీ పెద్దలు మీటింగు పెట్టనేలేదు.

"పట్వారి దొర కాడినుంచి వస్తువు వాపసు తెచ్చినోనికి ఈ కుర్సీ కాదు, తాలూక్‌దారు కుర్సీ ఇయ్యాలె," అన్నాడు ఒక పెద్ద. "రేపటినుంచి కాదు, ఇయ్యాల్టినుంచే పక్కా. ఏం మంత్రమేసినవు ఏసోబూ?"

ఏసోబు తల్లి వైపు చూశాడు. బిక్షమ్మ వేపపొగ చట్టిని కొంగు చాటున దాచింది.

ఇంటికొచ్చాక పెద్దులుకు సంగతంతా చెప్పి, ముగ్గురూ రొట్టె ముందు కూర్చున్నారు. ఏసోబుకు ఆనందం పట్టడం లేదు గానీ ముల్లు ఒకటి గుచ్చుతూనే ఉన్నది.

"ఒక్కటే దొరకలేదమ్మా. పేరు రాయకుంట ఎవరో కొంచపోయిన్రు. రోగాలన్ని 'అ' నుంచి వరుసగ ఉన్న వైద్యం పుస్తకం."

పెద్దులు తినడం ఆపాడు. అజీర్తి, ఆయాసం, ఉబ్బసం. వేళ్లు మడిచి, మెల్లగా తలెత్తి పెళ్లాం వైపు చూశాడు.

బిక్షమ్మ లేచి, జొన్నల కాగులో చెయ్యి పెట్టి, పుస్తకం తీసింది. "నీకంటె ముందటాయన ఉన్నప్పుడు, గది ఊడ్వబోయిన నాడు తెచ్చిన. గిది గూడ లెక్కలుంటదని నాకేమెరుక? ఇయ్యాల పొద్దుగాలనే 'క' కాడికి వచ్చిన బిడ్డా. కుష్టు అసొంటి తోలు రోగాలు అండ్లనే ఉండె. జర ఉండనియ్యి, మీ నాయినకు 'గ'ల ఏదో ఉండేటట్టున్నది."

ఏసోబు మరునాడు ముప్పై ఏడో వరుసలో తల్లి పేరు రాసి, వాపసు తేదీ గడిలో 'క్ష' అని వేశాడు.