అత్తగారి మోకాళ్ళు

ఫైనల్ ఆట రోజు ఉదయం కోచ్ పెట్టుకున్న పని చాలా చిన్నది. వంటింటి బల్ల దగ్గర కూర్చుని, సాయంత్రం ఎవరిని ఆటలోకి దింపాలో, ఎవరిని బెంచీ మీద కూర్చోబెట్టాలో నోటుపుస్తకంలో రాసుకోవడం, ఆ తర్వాత స్నానం చేయడం. బాస్కెట్‌బాల్‌లో ఇరవై ఏళ్ళు నలిగిన మనిషి. గెలుపు బుట్టలో పడే బంతిలో లేదు, ఎవరిని ఎప్పుడు లేపాం, ఎవరిని కూర్చోబెట్టామన్న దాంట్లో ఉందని ఆయన గట్టి నమ్మకం.

క్రితం ఏడాది ఆ పుస్తకం ఒకసారి అవతలి జట్టు చేతిలో పడింది. అప్పటినుంచి ఆయన ఆటగాళ్ళ పేర్లు మానేసి వరసలు రాస్తున్నాడు. అందరికీ సలహాలిచ్చే సీనియర్ ఆటగాడు అత్తగారు. బంతి దొరికితే పక్కవాడికి వదలనివాడు బావమరిది. జట్టులోకి కొత్తగా వచ్చి ఇంకా నోరు విప్పనివాడు కోడలు. పుస్తకం ఎవరి కంటపడినా ఒక్క ముక్క అర్థం కాకూడదని ఈ ఏర్పాటు.

ఆయన స్నానానికి వెళ్ళాడు. బల్ల తుడవడానికి వచ్చిన అసలు అత్తగారికి ప్రతి ముక్కా అర్థమైంది.

"అత్తగారికి మోకాళ్ళు అయిపోయాయి. మనిషి కదల్లేదు, నోరు మాత్రం ఆగదు. ఈ ఏడాదితో సరి. నొచ్చుకోకుండా పంపించెయ్యాలి. ఆ స్థానంలో కోడలు."

భర్త పోయాక ఆవిడ కూతురింటికి వచ్చి తొమ్మిదేళ్ళయింది. ఇన్నేళ్ళలో అల్లుడు ఒక్క మాట అనలేదు. ఆ అనకపోవడం వెనక ఇంత దాగుందా అని ఆవిడ మనసు చివుక్కుమంది. బల్లంతా శుభ్రంగా తుడిచి, అలమర మీదున్న సూట్‌కేసు దింపమని కూతుర్ని పిలిచింది.

"పెద్దదాని దగ్గరికి వెళ్తానే. ఆరింటికి బస్సుంది."

భార్య ఆ పేజీ రెండుసార్లు చదివింది. తల్లి సంగతి ఒక ఎత్తు, మరో అనుమానం ఇంకో ఎత్తు. "మాకున్నది ఒక్కగానొక్క కూతురు. ఈ కోడలెవరమ్మా?" అంది. ఆ వేడిలోనే పక్క వీధిలో ఉన్న తమ్ముడికి ఫోన్ చేసి అంతా చదివి వినిపించింది.

"నా గురించి కూడా రాశాడా?" అన్నాడు తమ్ముడు.

"చేతికి చిక్కింది ఛస్తే వదలవట."

కోచ్ తల తుడుచుకుంటూ వచ్చేసరికి హాల్లో సూట్‌కేసు ఉంది. దాని పక్కన ఒక నిచ్చెన, డ్రిల్లింగ్ మిషను, రెండు గొడుగులు, ఎప్పుడో పోయిందనుకున్న టేబుల్ ఫ్యాను. వాటి వెనక మొహం మాడ్చుకుని బావమరిది.

"అడిగితే ఇచ్చేవాణ్ణి కదా బావా. రాతకోతల దాకా వెళ్ళాలా?"

కోచ్‌కి విషయం బోధపడటానికి కొంతసేపు పట్టింది. "అత్తయ్యగారూ, ఆ అత్తగారు మీరు కాదండీ. ఆరడుగుల నాలుగంగుళాలుంటాడు. గడ్డం కూడా ఉంది."

"మరి కోడలికో?" అంది భార్య.

"ఇంకా రాలేదు."

చెప్పేకొద్దీ అనుమానం పెరిగింది. చివరికి అత్తగారు, కళ్ళారా చూస్తే గాని నమ్మనని, చూసినా బస్సు మాత్రం ఎక్కుతానని తేల్చేసింది. నాలుగింటికి ఆయన అందరినీ సూట్‌కేసుతో సహా తీసుకెళ్ళి, జట్టు బెంచీ వెనక వరసలో కూర్చోబెట్టాడు. ఆవిడను పోగొట్టుకుంటానేమోనన్న భయంలో, అది ఆట మైదానమన్న సంగతి కూడా మరిచిపోయి వేలెత్తి చూపించాడు.

"అదిగోనండీ, ఆయనే అత్తగారు."

సీనియర్ వెనక్కి తిరిగాడు. "ఎవరు సార్ అత్తగారు?"

అత్తగారికి అతన్ని చూడగానే జాలేసింది. "నువ్వా నాయనా? నిన్ను ఈ ఏడాదితో పంపించేస్తారట. మోకాళ్ళు అయిపోయాయట కదా," అని మెల్లగా చెప్పింది. ఆవిడ మెల్లగా చెప్పింది జట్టంతా విన్నది.

"అలాగే పంపించండి సార్. ఇవాళ మాత్రం నేను బయటికి రాను," అని సీనియర్ మైదానంలోకి నడిచాడు. బంతి వదలడని పేరు పడ్డవాడికి కూడా, తన గురించి పుస్తకంలో ఏముందో ఆ వెనక వరసలోంచే తెలిసిపోయింది. అతను రోషంకొద్దీ వచ్చిన ప్రతి బంతినీ, బుట్ట కిందే నిలబడి ఉన్నా సరే, ఇంకొకరికి ఇచ్చేయడం మొదలుపెట్టాడు. మూడో భాగం అయ్యేసరికి జట్టు పదకొండు పాయింట్లు వెనకబడింది. సీనియర్ కుంటుతున్నాడు. బయటికి రమ్మని కోచ్ ఎన్నిసార్లు చెయ్యి ఊపినా చూడనట్టే ఉన్నాడు.

విరామంలో అత్తగారు లేచింది. "ఇటు రా నాయనా. ఎడమ మోకాలు కదూ? మెట్లు దిగేటప్పుడు ప్రాణం పోతుంది, నాకు తెలుసు."

కోచ్ మాటకి కదలనివాడు వచ్చి ఆవిడ ముందు బెంచీ మీద కూలబడ్డాడు. ఆవిడ సూట్‌కేసులోంచి నొప్పి మందు తీసి ఇచ్చింది.

"చేతకాకపోవడం తప్పు కాదు. మనతో చెప్పకుండా పుస్తకంలో రాసుకోవడం తప్పు," అంది. ఇద్దరూ ఒకేసారి కోచ్ వైపు చూశారు. ఆయనకు నిజంగానే సిగ్గేసింది.

సీనియర్ స్థానంలో కోడలు దిగాడు. "ఎడమకి తిరుగు, పైకి చూడు, భయపడకు," అని సీనియర్ బెంచీ మీంచి గొంతు పోయేలా అరిచాడు. ఆగదని కోచ్ రాసుకున్న ఆ నోరు ఆ రోజు నిజంగానే ఆగలేదు. నోరు విప్పనివాడు చెప్పింది చెప్పినట్టు చేశాడు. ఇంతలో జట్టులోని బావమరిది కూడా అలక మాని తన పాత అలవాటుకొచ్చాడు. జట్టు ఒక్క పాయింటు తేడాతో గెలిచింది. వచ్చే ఏడాది నుంచి బెంచీ దగ్గర తనకు తోడుగా ఉండమని కోచ్ సీనియర్ని అక్కడికక్కడే, అందరి ముందూ అడిగాడు.

ఈ సందడిలో ఆరింటి బస్సు వెళ్ళిపోయింది. అత్తగారు దాని ఊసెత్తలేదు. కారు దగ్గరికి నడుస్తూ, "ఇంతకీ అల్లుడుగారూ, ఆ పుస్తకంలో నా గురించి నిజంగా ఏమీ లేదా?" అంది.

"లేదండీ. మీ గురించి నేనెప్పుడూ ఒక్క మాట అనలేదు."

"అదే నా బెంగ. తొమ్మిదేళ్ళుగా చుట్టాన్ని చూసినట్టు చూస్తున్నారు. ఏదైనా ఉంటే మొహం మీదే అనండి. ఇంట్లో మనిషినని అనిపిస్తుంది."

 ఆయన సరేనన్నట్టు తలూపి, సూట్‌కేసు అందుకున్నాడు.

మర్నాడు ఉదయం, కాఫీలో చక్కెర కాస్త ఎక్కువైందని మొహం మీదే అన్నాడు. ఆవిడ మూడు రోజులు మాట్లాడలేదు.