అత్తగారి మడమ మీద పూలతోట

ఆ ఆదివారం పొద్దున్న ఫోకస్‌కి ఉన్నవి రెండే పనులు. బట్టల తీగ మీద వాన చినుకులు వేలాడుతున్న ఫొటోని తన ఫొటోల గ్రూపులో పెట్టడం ఒకటి. అత్తగారి మడమ ఫొటోని చర్మం డాక్టరుకి పంపడం రెండోది. కాఫీ చల్లారేలోపు అయిపోయే పనులు. మరొకడికైతే అయిపోయేవి కూడా.

అతను కళ్ళద్దాల షాపులో పనిచేస్తాడు. అందరి చూపూ సరిచేసి పంపిస్తాడు గానీ, తను తీసిన ఫొటోలన్నీ మసకమసకే. లేనిదాన్ని పేరులోనైనా ఉంచుకొమ్మని గ్రూపువాళ్ళు ఫోకస్ అని పిలుస్తారు. వారానికోసారి తలా ఒక ఫొటో, ఈమధ్య తీసినవాటిలో మనసుకి పట్టింది, పెట్టుకోవడం ఆ గ్రూపు పని. పెట్టినవాడు మిగతా అందరూ మాట్లాడేదాకా నోరు మెదపకూడదు. "బొమ్మ మాట్లాడాలి, మనం కాదు" అని పెద్దాయన డ్రాయింగు మాస్టారి శాసనం. ఫోకస్ బొమ్మలు ఎంత మాట్లాడినా ఇన్నాళ్ళూ వినిపించుకున్నవాడు లేడు. గ్రూపులోనే ఉన్న బేకరీ ఆయన మాత్రం జాలిపడి ఒక దండం బొమ్మ పడేసేవాడు.

ఇక అత్తగారంటే ఆఫీసు సూపరింటెండెంటుగా చేసి రిటైరైన మనిషి. అల్లుణ్ణి "అల్లుడుగారూ" అని పిలిస్తే ఎదటివాడికి మెమో అందినట్టే ఉంటుంది. మండే ఎండల్లో కూడా ఇంట్లో సాక్సు విప్పదు. అలాంటావిడ, ముందురోజు కూతురు బజారుకి వెళ్ళగానే సాక్సు లాగేసి, పగుళ్ళు విచ్చిన కాలు సోఫా దిండు మీద పెట్టింది.

"అడుగేస్తే ప్రాణం పోతోంది బాబూ. ఫోన్ చేస్తే డాక్టరు ముందు ఫొటో పంపమన్నాడు. మా అమ్మాయికి చెప్పకు, ఇల్లెక్కి అరుస్తుంది. కన్నకూతురికి కూడా చూపించలేదు, నీకు చూపిస్తున్నా."

బాబూ! పెళ్ళయిన ఇన్నేళ్ళకి బాబూ! ఫోకస్‌కి ఒళ్ళు పొంగిపోయింది. ఆ పొంగులోనే తీశాడో ఏమో, జీవితంలో మొదటిసారి ఫొటో స్పష్టంగా వచ్చింది.

ఆదివారం రెండు ఫొటోలూ పంపి, కాఫీ కప్పు అందుకున్నాడో లేదో, డాక్టరు నుంచి జవాబు వచ్చింది. "చినుకులు బాగున్నాయి. కాలేదీ?"

రెండు ఫొటోలూ తారుమారయ్యాయి! గ్రూపు తెరిచేసరికి అక్కడ జాతర జరుగుతోంది.

"అబ్బబ్బ! ఎండిపోయిన లోయ!" అని మాస్టారు. "నేల నోరు తెరిచి దాహం అంటోంది. పై మూలన దూరంగా పూలతోట చూశారా? ఏం పొందిక!"

"ఏడిపించేశావు తమ్ముడూ" అని బేకరీ ఆయన.

మాస్టారు అంతటితో ఆగితే ఆయన మాస్టారెందుకవుతాడు? "నాకు తెలుసు ఈ చోటు. కిందటేడు అక్కడే ఆ గట్టు మీద కూర్చుని టిఫిన్ తిని, వెలుగు కోసం మధ్యాహ్నం దాకా కాపు కాశాను."

ఫోకస్ వేలు ఫొటోని తీసేసే మీట దాకా వెళ్ళింది. ఈలోగా ఇంకో 'ఓహో' వచ్చి పడింది. వేలు వెనక్కొచ్చింది. అందరూ మాట్లాడేదాకా నోరు మెదపకూడదు కదా, రూలు రూలే అని తనకి తనే చెప్పుకున్నాడు. ఆ నాలుగు ఓహోలూ తలకెక్కి, డాక్టరు అడిగిన కాలు ఏమైందో బుర్రలోంచి జారిపోయింది.

రెండ్రోజుల తర్వాత మాస్టారు అడిగాడు. "ఆ లోయదే పక్కవాటంలో ఇంకోటి పెట్టవయ్యా!"

అదే సాయంత్రం అత్తగారూ అడిగింది. "డాక్టరేమన్నాడు బాబూ?"

ఫోకస్ నాలుక, ఎన్నడూ లేనిది, చకచకా కదిలింది. "పక్కవాటంలో ఇంకోటి కావాలన్నారు అత్తయ్యగారూ."

పాపం ఆవిడ పొద్దున వెలుగు బాగుంటుందని మర్నాడే కుంటుకుంటూ కిటికీ దగ్గరికొచ్చి కూర్చుంది. అటు తిప్పమంటే అటు, ఇటు తిప్పమంటే ఇటు. "నీకెంత ఓపికయ్యా! మా వాళ్ళెవరూ నాకింత చెయ్యలేదు" అంది. ఫోకస్ ఆమె మొహం చూడలేక మడమే చూస్తూ ఉండిపోయాడు. చెప్పేద్దామనే అనుకున్నాడు. చెప్పలేదు. కొత్త ఫొటోనీ గ్రూపులో పెట్టాడు.

తర్వాతి ఆదివారం తలుపు చప్పుడైంది. ఫోకస్ భార్య తీసింది. ఎదురుగా మాస్టారు, బేకరీ ఆయన, మెడల నిండా కెమెరాలు, వీధిలో బేకరీ వ్యాను.

"అమ్మా, మీ ఆయన మమ్మల్ని లోయకి తీసుకెళ్ళాలి. ఇదిగో, మా అందరి కానుక" అని మాస్టారు ఆ లోయ ఫొటో కట్టించిన తలుపంత ఫ్రేము విప్పాడు.

ఆ అమ్మాయి తల అటు వంచింది, ఇటు వంచింది. "లోయ సంగతి తెలీదు గానీ మాస్టారూ, ఈ పూలతోట మాత్రం మా సోఫా దిండు గలీబు."

ఫోకస్‌కి దారి తోచలేదు. క్షమించమని కాళ్ళు పట్టుకుందామా అంటే, వచ్చిన గొడవంతా ఆ కాళ్ళతోనే! అప్పటికే అత్తగారు గోడ పట్టుకుని గదిలోంచి వచ్చేసింది. ఫ్రేము ముందు నిలబడి, తన మడమని తను ఎప్పుడూ చూడనంత పెద్దదిగా చూసుకుంది.

"అది... అత్తయ్యగారి కాలు" అన్నాడు ఫోకస్, నేలకి చెబుతున్నట్టు.

"అమ్మా! ఎన్నాళ్ళనుంచే ఇది?" అని కూతురు ఇల్లెక్కి అరిచింది.

"ఉండవే" అని అత్తగారు మాస్టారి వైపు తిరిగింది. "మీకీ చోటు ముందే తెలుసా?"

మాస్టారు గర్వంగా చెప్పుకున్నదంతా బేకరీ ఆయన, మంచివాడు కనక, పొల్లుపోకుండా అప్పగించాడు.

"అయితే నా కాలి మీద కూర్చుని టిఫిన్ తిన్నారన్నమాట. నాకు తెలియలేదే, బరువు కూడా అనిపించలేదు!"

మాస్టారు కళ్ళజోడు తీసి తుడిచాడు. మళ్ళీ తుడిచాడు. పెట్టుకోవడానికి ధైర్యం చాలలేదు. ఫోకస్ ఒక్క క్షణం గట్టెక్కాననే అనుకున్నాడు. అత్తగారు అప్పుడు అతని వైపు చూసింది. గొంతు పెంచలేదు.

"ఇంతమందికి చూపించారు కదా, అల్లుడుగారూ. డాక్టరుకి చూపించారా?"

ఫోకస్ భూమి నోరు తెరిస్తే బాగుండుననుకున్నాడు గానీ, అందుబాటులో ఉన్న పగుళ్ళన్నీ ఫ్రేములోనే ఉన్నాయి.

అందరూ కలిసి ఆవిణ్ణి బేకరీ వ్యానులో కూర్చోబెట్టి, బ్రెడ్డు ట్రేల మధ్య కాలు చాపించి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఫోకస్ దారి పొడుగునా ఆ మడమ కింద తన అరచెయ్యి పెట్టి, కుదుపు తగలకుండా పట్టుకుని కూర్చున్నాడు. మడమ తొందరగానే మానింది. 'బాబూ' అనే పిలుపు తిరిగి రావడానికి మాత్రం చాలాకాలం పట్టింది.

ఇప్పుడు గ్రూపులో ఎవరు కొండ పెట్టినా, సముద్రం పెట్టినా, మాస్టారు ముందుగా అడిగేది ఒక్కటే, "ఎవరిది?"